అత్తగారి అకారాది

పోయినవారం మిమ్మల్ని తయారీ గది గుమ్మంలో నిలబెట్టి వెళ్ళిపోయాను. ఈపాటికి కాళ్ళు లాగుతూ ఉంటాయి, లోపలికి వచ్చి కూర్చోండి. కుర్చీ మీద రంపం ఉంది, చూసుకోండి.

గుర్తులేనివాళ్ళ కోసం నాలుగు ముక్కలు. పాఠకులంతా 'నిశ్శబ్దం మేడమ్' అని పిలుచుకునే మన లైబ్రేరియన్, లైబ్రరీ వెనక మూతపడ్డ బైండింగు గదిని తెరిపించి అందులో తయారీ గది పెట్టింది. పుస్తకంలో చదివినదాన్ని చేత్తో చేసి చూసుకోవాలనుకునేవాళ్ళు ఎవరైనా రావచ్చు, పనిముట్లు లైబ్రరీవి. కమిటీ ఆర్నెల్లు గడువిచ్చింది. ఆ ఆర్నెల్లూ ఇవాళ సాయంత్రం నాలుగింటికి పూర్తవుతాయి. ఆలోగా ఒక్క పాఠకుడికైనా పనికొచ్చే వస్తువు ఒకటి పనిచేస్తూ కనిపించాలి. కనిపించకపోతే గదికి తాళం పడుతుంది, పాత దినపత్రికల కట్టలు వచ్చి చేరతాయి.

ఆ వస్తువు పేజీలు తిప్పే యంత్రం. ఆ పాఠకుడు ప్రూఫులాయన. జీవితమంతా అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దిన మనిషికి రెండేళ్ళ కిందట జబ్బు చేసి రెండు చేతులూ పడిపోయాయి. కళ్ళు మాత్రం మునుపటిలాగే కామాని కూడా వదలవు. ఆయన గడ్డంతో మీట నొక్కితే రబ్బరు చక్రం పేజీ అంచుని లేపాలి, సన్నటి కర్రచెయ్యి వచ్చి ఆ పేజీని అవతలికి తిప్పాలి. కాగితం మీద చూస్తే ఇంతే.

మరి పదకొండు గంటలకు ఆ యంత్రం ఎలా ఉందంటే, మూత అతికించి, నున్నగా తోమి, పెళ్ళికూతురిలా ఉంది. లోపల మాత్రం ఏమీ లేదు. మోటారు బల్ల మీద ఉంది. తీగల చుట్ట డ్రైవరు చేతిలో ఉంది.

"తీగలు కలపమని కార్డులో రాశారు మేడమ్. ఎక్కడ కలపను, పెట్టె నెత్తిమీదా?" అన్నాడు డ్రైవరు. ఆయన సిటీ బస్సు నడుపుతాడు. సెలవు రోజున వచ్చి ఇక్కడ తీగల పని చేస్తాడు.

"నావైపు చూస్తావేం?" అన్నాడు వడ్రంగి. "పెట్టె మూత అతికించమని నాకు కార్డొచ్చింది, మొన్న వచ్చి అతికించాను. రాసింది చేస్తాను, రాయనిది చెయ్యను. నా పాలసీ అది."

వాళ్ళిద్దరి తప్పూ లేదు. ఒకరికి కుదిరిన రోజు ఇంకొకరికి కుదరదు కనుక, పని చెడకుండా లైబ్రేరియన్ ఒక పద్ధతి పెట్టింది. కంప్యూటరు వచ్చాక అటకెక్కిన పాత కేటలాగు బీరువాలోంచి మూడు సొరుగులు దింపించింది. చేయాల్సినవి, చేస్తున్నవి, అయిపోయినవి. ఒక్కో పనికి ఒక్కో కార్డు. ముందున్న కార్డు ముందు చేయాలి, వెనకున్నది వెనక చేయాలి. వచ్చినవాళ్ళు మొదటి కార్డు తీసుకుని, ఆ పని చేసి, పక్క సొరుగులో వేసి వెళ్ళాలి. పన్నెండు రోజులుగా అలాగే నడుస్తోంది.

పోయినవారం కథ చివర్లో ఆమె ఆ సొరుగు లాగి చూసింది కదా. ప్రతి కార్డుకీ కుడి మూలన పెన్సిలుతో ఒక చిన్న అక్షరం కనిపించింది. అ. త. ప. మ. ఆ చేతిరాత ఎవరిదో ఆమెకి ఎవరూ చెప్పక్కర్లేదు. ఇంట్లో ఆవాల డబ్బా మీదా, దాని పక్కన ఉప్పు డబ్బా మీదా, దాని పక్కన ఎండుమిర్చి డబ్బా మీదా రోజూ చూస్తున్నదే.

అత్తగారు.

ఈ లైబ్రరీలో ముప్పైయొక్క ఏళ్ళు కేటలాగు రాసి రిటైరైన అత్తగారు. రోజూ కోడలితోపాటే వచ్చి, రిఫరెన్సు బల్ల చివర తన పాత కుర్చీలో కూర్చుని పజిళ్ళు నింపుకునే అత్తగారు. బైండింగు గదిలో రంపాలు పెట్టారని అలిగి, ఆ గడప తొక్కనని ఒట్టు పెట్టుకున్న అత్తగారు.

"మీరిక్కడే ఉండండి" అని వాళ్ళిద్దరికీ చెప్పి లైబ్రేరియన్ బయల్దేరింది. దారిలో ఒక స్టూలుని తన్నింది. అత్త మీద కోపం దుత్త మీద చూపించడమంటే ఇదే. ఆ దుత్త కాస్తా కాలికి గట్టిగానే తగిలింది.

పోట్లాడుకోవడానికి పఠన మందిరం కంటే అన్యాయమైన చోటు ఇంకోటి ఉండదు. గోడ మీద 'నిశ్శబ్దం' అని ఈ కోడలే రాయించి పెట్టింది. పరీక్షలకు చదువుకునేవాళ్ళు పాతికమంది తలలు దించుకుని ఉన్నారు. అందుకని ఆ రోజు ఆ ఇంటి చరిత్రలోకెల్లా పెద్ద తగువు గుసగుసల్లో జరిగింది.

"అత్తయ్యా, సొరుగులో కార్డులు మీరు కదిపారా?"

అత్తగారి మొహం వెలిగిపోయింది. "చూశావా? నువ్వెప్పుడు చూస్తావా అని పన్నెండు రోజుల్నుంచీ కాచుక్కూర్చున్నానమ్మాయ్. చిందరవందరగా ఉన్నాయి. 'మ' పక్కన 'అ', 'అ' తర్వాత 'ప'. చూడలేక పొద్దున్నే ఎవరూ రాకముందు సర్దేశాను."

"ఆ గడప తొక్కనన్నారుగా?"

"తొక్కలేదు. సొరుగులు ఈవల వరండాలో ఉన్నాయిగా. వరండా మీద ఒట్టు లేదు."

"అవి పుస్తకాలు కావు అత్తయ్యా, పనులు! ముందు మోటారు బిగించాలి, తర్వాత తీగలు కలపాలి, ఆ తర్వాత మూత అతికించాలి. మీరు సర్దాక 'అతికించడం' మొదటికొచ్చింది. మూత పడిపోయింది. లోపల ఖాళీ!"

"అకారాదిలో ఎక్కడైనా తప్పు పోయానా?"

"పోలేదు. అదే వచ్చిన చిక్కు."

పక్క బల్ల దగ్గర పేపరు చదువుతున్న పెద్దమనిషి పది నిమిషాలుగా పేజీ తిప్పలేదు. ఆయన ఏం చదువుతున్నాడో మనకి తెలుసు.

"మరి కార్డు మీద నంబరెందుకు వెయ్యలేదే?" అన్నారు అత్తగారు. ఇంకా గుసగుసగానే, కానీ ఆ గుసగుసకి అంచు వచ్చింది. "మొదటిది ఒకటి, రెండోది రెండు అని వేస్తే నీ సొమ్మేం పోయింది? నంబరున్న కార్డుని నంబరు ప్రకారం పెడతాను. నంబరు లేని కార్డుని అకారాదిలో పెడతాను. నాకొచ్చింది అది. ఎవరైనా చెయ్యి తగిలి సొరుగు కింద పడేసినా నీ పని ఇంతే అయ్యేది కదా. అప్పుడు నేలని తిడతావా?"

ఆ మాట కోడలికి సూటిగా తగిలింది. పద్ధతి అని పేరు పెట్టి అందరికీ నేర్పిన మనిషి, ఆ పద్ధతిని తన తలలోనే ఉంచుకుంది. కార్డుల మీద పెట్టలేదు.

"తప్పు నాదే అత్తయ్యా" అంది చివరికి. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "కానీ మీరు ఒక్కమాట అడగాల్సింది."

అత్తగారు కళ్ళజోడు తీసి పమిటచెంగుతో తుడుచుకున్నారు. "అడగాల్సిందే" అన్నారు. "ఆ బీరువా అటకెక్కించిన రోజు నేను ఇంటికి వెళ్ళి అన్నం తినలేదు, నీకు తెలీదు. మళ్ళీ ఆ సొరుగులు తెరుస్తున్నారు, జనం కార్డులు తీస్తున్నారు, పెడుతున్నారు. చిన్నపిల్లలా సంబరపడిపోయానే. ఆ సంబరంలో అడగడం మర్చిపోయాను."

కోడలికి కోపం ఎటు పోయిందో తెలియలేదు. పదమూడేళ్ళ కాపురంలో అత్తగారు మర్చిపోయానని ఒప్పుకోవడం ఇదే మొదలు.

"సరే, ఏడుపులు సాయంత్రం పెట్టుకుందాం" అని అత్తగారు లేచారు. "మూత ఏ జిగురుతో అతికించాడు?"

"తన డబ్బా అయిపోతే మన బీరువాలో ఉన్నదేదో వాడాడట."

"పలుకులుగా ఉంటుంది, వేణ్నీళ్ళ గిన్నెలో పెట్టి కరిగించాలి, అదేనా? సీసా మీద నా రాత ఉందా?"

"ఉండే ఉంటుంది. మీ రాత లేనిది ఏముంది?"

అత్తగారు అప్పుడు నవ్విన నవ్వు గుసగుస కాదు. పాతిక తలలూ ఒక్కసారి పైకి లేచాయి. ముప్పైయొక్క ఏళ్ళలో ఆ మందిరంలో ఆవిడ గొంతు వినబడటం అదే తొలిసారి. "ఒసే పిచ్చిదానా, అది పుస్తకాల వీపులకి వేసే జిగురే! అతకడం ఎంత గట్టిగా అతుకుతుందో, వేడీ తడీ తగిలితే అంత బుద్ధిగా ఊడొస్తుంది. పాత పుస్తకాలు విప్పి కుట్టినన్నాళ్ళూ నేను చేసిన పని అదేగా! పద పద!"

ఒట్టు ఏమైందని అడక్కండి. గడప దగ్గర ఆవిడ ఒక్క క్షణం ఆగారు, అంతే. ఒకప్పుడు తాను పుస్తకాలు బాగుచేసిన గది. మూల కుట్టుమిషను ఉంది, గోడకి సుత్తులు వేలాడుతున్నాయి, అతికించిన పుస్తకాల్ని అదిమిపెట్టే తన పాత యంత్రం మాత్రం కిటికీ కింద ఉన్నచోటే ఉంది, పైగా ఎవరో నూనె కూడా వేశారు. అది చూసుకుని లోపలికి అడుగు పెట్టారు.

"బట్ట తడిపి తీసుకురా బాబూ. ఇస్త్రీ పెట్టె ఎక్కడ?" అన్నారు డ్రైవరుతో.

వడ్రంగి అడ్డు వచ్చాడు. "అమ్మా, చెక్కకి ఇస్త్రీ ఏంటమ్మా? చీలిపోద్ది. మళ్ళీ పలకలు కోయాలంటే రేపటిదాకా అవ్వదు."

"నాయనా, సీసా మీద రాసింది చదివి కరిగించావా?"

"రాసింది చేస్తానమ్మా."

"దాని వెనకవైపు కూడా రాశాను, చదివావా?"

వడ్రంగి సీసా తిప్పి చూశాడు. 'విప్పవలసినచో తడిబట్ట వేసి కాచవలెను' అని ఉంది. ఆయన వెళ్ళి ఇస్త్రీ పెట్టె ప్లగ్గు పెట్టాడు.

తడిబట్ట మీద ఇస్త్రీ పెట్టె ఆనించగానే చుయ్యిమని ఆవిరి లేచింది. గదంతా పాత పుస్తకాల వాసన. ఒక అంచు, రెండో అంచు. అత్తగారు పేపర్లు కోసే పల్చటి కత్తిని సందులోకి తోసి, చెవి ఆనించి వింటున్నట్టుగా మెల్లగా జరిపారు. టక్. మూత ఊడివచ్చింది. చీలిక లేదు, గీత లేదు!

డ్రైవరు ఈల వేశాడు. లైబ్రేరియన్ అలవాటు కొద్దీ "ష్!" అని, మళ్ళీ తనే చప్పట్లు కొట్టింది.

టైము పన్నెండు దాటి పది నిమిషాలు. అత్తగారు వరండాలోంచి సొరుగు తెప్పించి బల్ల మీద పెట్టించి, ముడిలోంచి పెన్సిలు తీసి, కార్డులు గుప్పిట పట్టి లాగారు. "చెప్పమ్మాయ్, ఒకటి ఏది?"

"మోటారు."

"ఒకటి, మోటారు. రెండు?"

"తీగలు. మూడు మీట. నాలుగు పరీక్ష. ఐదు అతికించడం."

"పరీక్ష అయ్యాకే అతికించడం. ఇది తెలివైన మాట" అని అత్తగారు అంకెలు వేసి, ఒక్కో కార్డూ పైకి చదువుతూ అందించారు. ఆ తర్వాత మూడు గంటలు ఆ గదిలో ఎవరూ కూర్చోలేదు. వడ్రంగి మోటారు బిగిస్తుంటే డ్రైవరు తీగల చివర్లు ఒలిచాడు. డ్రైవరు టంకం పెడుతుంటే వడ్రంగి దీపం పట్టుకున్నాడు. పన్నెండు రోజులుగా ఒకరినొకరు కార్డుల మీదే ఎరిగిన ఇద్దరు మగాళ్ళు మొదటిసారి పక్కపక్కన నిలబడి పని చేస్తున్నారు. మధ్యలో ఒకసారి చక్రం వెనక్కి తిరిగింది. "రివర్స్ గేరు!" అని అరిచాడు డ్రైవరు, రెండు తీగలు అటుదిటూ ఇటుదటూ మార్చాడు. రెండోసారి రెండు పేజీలు ఒకేసారి లేచాయి. అత్తగారు రబ్బరు చక్రాన్ని గరుకు కాగితంతో నాలుగు సార్లు రుద్ది, "ఇప్పుడు చూడు" అన్నారు. ఒక్క పేజీయే లేచింది.

మూడున్నరకి ప్రూఫులాయన వచ్చాడు. చక్రాల కుర్చీ వెనక ఆయన భార్య, చేతిలో ఆయన చదువుతున్న లావుపాటి నవల.

"రెండేళ్ళుగా ఈ పేజీలన్నీ నేనే తిప్పుతున్నాను మేడమ్" అందావిడ. "కథ మంచి పట్టులో ఉన్నప్పుడే పాలు పొంగుతాయి. నేను పొయ్యి దగ్గరికి పరిగెత్తితే ఈయన ఆ పేజీలోనే ఆగిపోతారు. పిలవరు కూడా. నేను మళ్ళీ వచ్చేదాకా ఆ పేజీలో తప్పులు వెతుక్కుంటూ కూర్చుంటారు."

పుస్తకం బల్ల మీద నిలబెట్టారు. మీట గడ్డం కిందికి జరిపారు. ఆయన చదవడం మొదలుపెట్టాడు. ఎడమ పేజీ అయింది. కుడి పేజీ చివరి వాక్యానికి వచ్చాడు.

"తిప్పు" అన్నాడు ఆయన, అలవాటుగా.

భార్య చెయ్యి ముందుకు వచ్చింది. అంతలో ఇద్దరికీ గుర్తొచ్చింది. ఆవిడ చెయ్యి వెనక్కి తీసుకుని రెండో చేత్తో గట్టిగా పట్టుకుంది. ఆయన గడ్డం దించాడు. చక్రం కిర్రుమంది, అంచు లేచింది, కర్రచెయ్యి వచ్చి పేజీని నెమ్మదిగా అవతల పడుకోబెట్టింది.

ఆయన ఆ పేజీ చదివాడు. మళ్ళీ గడ్డం దించాడు. మళ్ళీ తిరిగింది. మూడోసారికి ఆయన బుగ్గల మీద నీళ్ళు కారుతున్నాయి, తుడుచుకోలేడు, తుడవమని అడగలేదు కూడా. చదువుతూనే ఉన్నాడు. ఆయన భార్య అత్తగారి భుజం మీద తల పెట్టి వెక్కివెక్కి ఏడ్చింది. డ్రైవరు, వడ్రంగి కౌగిలించుకున్నారు. మన లైబ్రేరియన్ మాత్రం వరండాలోకి వెళ్ళి, ఎవరూ చూడటం లేదని నిశ్చయించుకుని, ఎగిరి గంతేసింది.

చూసినవాడు ఒకడున్నాడు. కమిటీ అధ్యక్షుడు పావుగంట ముందే వచ్చి వరండా చివర నిలబడి ఉన్నాడు.

"లోపల బాగానే జరుగుతున్నట్టుంది" అన్నాడాయన.

చెడ్డవాడు కాదు. చిన్నప్పుడు ఇదే లైబ్రరీలో వీధి దీపాలు వెలిగేదాకా చదివి పైకొచ్చిన మనిషి. లైబ్రరీ అంటే నిశ్శబ్దం, నిశ్శబ్దమంటే లైబ్రరీ అని ఆయన నమ్మకం. లోపలికి వచ్చి యంత్రం చుట్టూ ఒక ప్రదక్షిణం చేశాడు.

"ఏమండీ, ఎలా ఉంది?" అని ప్రూఫులాయన్ని పలకరించాడు.

"ఆగండి" అన్నాడు ప్రూఫులాయన తల ఎత్తకుండా. "ఈ అధ్యాయం అవనివ్వండి."

రెండేళ్ళుగా అందరూ తీరిక చేసుకుని వచ్చేదాకా ఎదురుచూసిన మనిషి, ఇవాళ అధ్యక్షుణ్ణి ఎదురుచూడమన్నాడు. అధ్యక్షుడికి కూడా నవ్వొచ్చింది. కూర్చోవడానికి కుర్చీ లేదు, అన్నిటి మీదా ఏదో ఒక పనిముట్టు ఉంది. చేతులకి పని లేక, బల్ల మీదున్న కేటలాగు సొరుగు దగ్గరికి లాక్కున్నాడు. "ఆహా, ఈ సొరుగులు! ఎన్ని తీశానో!" అంటూ, కార్డులు పడిపోకుండా వెనక ఆనించే చెక్కదిమ్మని ముందుకీ వెనక్కీ జరిపాడు.

దిమ్మ వెనక ఇరుక్కున్న కార్డొకటి బయటికి వచ్చింది.

ఆయన దాన్ని పైకి చదివాడు. "హామీ పత్రం కమిటీకి పంపడం."

అది లైబ్రేరియన్ రాసిన మొట్టమొదటి కార్డు, ఆమె స్వయంగా చేయాల్సిన పని. సొరుగు ముందు అది కనబడకపోయేసరికి లైబ్రరీ గుమాస్తా తీసుకెళ్ళి పంపేశాడనుకుంది. అత్తగారు కార్డు కుడి మూల చూశారు. పెన్సిలుతో 'హ'. అక్షరమాలలో అట్టడుగున. ఆవిడ చెయ్యి నోటి మీదికి వెళ్ళింది.

అధ్యక్షుడి మొహంలో నవ్వు మెల్లగా తగ్గింది. సంచీలోంచి తీర్మానం తీశాడు. మూలన పిన్ను కొట్టిన రెండు కాగితాలు. "పుస్తకాలకు నష్టం రానివ్వబోమని రాతపూర్వకంగా హామీ ఇవ్వాలి, అది ప్రదర్శనకు మూడు రోజుల ముందే మాకు చేరాలి. లేకపోతే ఏం చూపించినా లెక్కలోకి రాదు. ఇందులో స్పష్టంగా ఉందమ్మా. యంత్రం బాగుంది, కాదనను. కానీ తీర్మానం తీర్మానమే. నేను ఒక్కణ్ణి మార్చలేను."

"తప్పు నాది, కార్డు వెనక్కి వేసింది నేను" అన్నారు అత్తగారు.

"నంబరు వెయ్యనిది నేను" అంది కోడలు.

పొద్దున ఒకరి మీదికి ఒకరు నెట్టుకున్న తప్పుని ఇప్పుడు ఇద్దరూ నాదంటే నాదని లాక్కుంటున్నారు. దానివల్ల లాభం లేదు. అధ్యక్షుడు జేబులోంచి తాళంకప్ప తీసి బల్ల మీద పెట్టాడు.

"అధ్యాయం అయింది" అన్నాడు ప్రూఫులాయన.

అందరూ అటు తిరిగారు.

"ఆ కాగితాలు ఇలా పెట్టించండి."

అధ్యక్షుడు అనుమానంగానే నవల తీసి తీర్మానం నిలబెట్టాడు. ప్రూఫులాయన మొదటి కాగితం చదివాడు, పై వరస నుంచి కింది సంతకం దాకా, తొందర లేకుండా. గడ్డం దించాడు. చక్రం కిర్రుమంది, కాగితం లేచింది, కర్రచెయ్యి దాన్ని తిప్పింది. రెండో కాగితంలో సగం దాకా వచ్చి, ఆయన కళ్ళు ఒకచోట ఆగిపోయాయి. ఆ చూపు ఆయన భార్యకి తెలుసు. పెళ్ళయిన ఇరవై ఆరేళ్ళుగా తెలుసు.

"తప్పు దొరికింది" అందావిడ చిన్నగా.

ప్రూఫులాయన తల ఎత్తి, రెండేళ్ళలో ఎన్నడూ లేనంత హుషారుగా అడిగాడు.

"మేడమ్, ఎర్ర పెన్సిలుందా?"